చిన్నోడిచ్చిన రక్తం

తేదీ పదిహేడు, గురువారం మధ్యాహ్నం

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వు చల్లగా ఉండాలి. మేమిక్కడ క్షేమం అని రాయాలి గానీ కలం కదలడం లేదు. ఒంట్లో మాత్రం అందరికీ బాగానే ఉంది. బాగున్నది అదొక్కటే.

ఫోను ఉండగా అమ్మ ఉత్తరం రాసిందేమిటా అని కంగారు పడకు. నా ఫోను చిన్నోడి దగ్గరుంది. కోడలిది కూడా. రెండూ తీసుకెళ్ళి వాడి అద్దాల షాపులో పెట్టి తాళం వేశాడు. నీ నంబరు నాకు నోటికి రాదు, కోడలికీ రాదు. పోయినేడు నువ్వు రేవు నుంచి నా మనవరాలు పిచ్చికకి బొమ్మ పంపించావు చూడు, ఆ అట్టపెట్టె మీద నీ క్వార్టరు అడ్రసు ఉంటే అది చూసి రాస్తున్నాను. నా రాత నీకు తెలుసు కదా, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నింపాదిగా చదువు. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు.

మొదటి నుంచి చెబుతాను, లేకపోతే నేనే కలగాపులగం చేసేస్తాను.

పిచ్చికని బడిలో వెయ్యాలనుకున్నాం. బడివాళ్ళు పిల్ల రక్తం ఏ గ్రూపో రాసి తెమ్మన్నారు. సూది గుచ్చితే అది ఏడ్చి ఆ వీధంతా లేపింది. ఏ, బి, ఓ అంటారే, అందులో ఏ అని చీటీ ఇచ్చారు. ఆ చీటీ పట్టుకుని చిన్నోడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాడిది ఓ గ్రూపు. ఒకసారి అద్దం పగిలి చెయ్యి తెగినప్పుడు ఆసుపత్రిలో చెప్పారు. కోడలిదీ ఓ అని పిచ్చిక పుట్టినప్పుడే తెలుసు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఓ అయితే బిడ్డకి ఏ రాదని, షాపుకి అద్దం బిగించుకోవడానికొచ్చిన మందుల కొట్టాయన ఎప్పుడో మాటల్లో అన్నాడట. అది వీడి బుర్రలో ఉండిపోయింది. నేనన్నాను, ఒరే, నా గ్రూపేమిటో ఇన్నేళ్ళకీ నాకే తెలీదు, నేను బతకలేదా, నిన్ను కనలేదా అని. మామూలుగా అయితే నవ్వేవాడు. నవ్వలేదు.

ఆ రాత్రి కోడలే అంది, అనుమానంతో కాపురం చెయ్యకు, పరీక్ష చేయించు, నాకేం భయం లేదు అని.  నీకు తెలుసు కదా నా సంగతి, వాన రాకపోతే రాలేదని, వస్తే ఆగలేదని దిగులు పడే మనిషిని. వద్దమ్మా, ఇలాంటివి మొదలుపెడితే ఎటు పోతాయో అన్నాను. మీరు ఊరుకోండి అత్తయ్యా, ఒక్క రోజు మనసు నొచ్చుకున్నా జన్మంతా హాయిగా ఉంటుంది అంది. అంత ధైర్యంగా ఉంది ఆ పిల్ల.

ల్యాబుకి పిల్లని ఎత్తుకుని నేనూ వెళ్ళాను. మెట్ల మీద రెండో అంతస్తు, తెల్లటి గోడలు, ఫినాయిలు వాసన. అక్కడి అమ్మాయి మంచిది, నా మొహం చూసి కుర్చీ వేసింది. ఇది ఎలా చేస్తారమ్మా అని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. మనిషి ఒంట్లో ప్రతి చుక్కలోనూ ఒక రాత ఉంటుందట, డీఎన్ఏ అంటారట. అందులో సగం తల్లి నుంచి వస్తుంది, సగం తండ్రి నుంచి. నాకు అర్థం కావాలని మన పక్కింటి కుట్టుమిషనావిడ తన పని చెప్పినట్టు చెప్పింది. బిడ్డ అంటే రెండు తానుల్లోంచి ముక్కలు కోసి కుట్టిన గౌను అనుకోండి పెద్దమ్మా, అందులో అమ్మ గుడ్డ ముక్కలు పక్కకి తీసేస్తాం, మిగిలిన ప్రతి ముక్కా నాన్న తానులో ఉందా లేదా చూస్తాం, అన్నీ కలిస్తే ఆయనే తండ్రి, చాలా ముక్కలు కలవకపోతే కాదు అంది. ఒకటి కలవకపోతేనో అన్నాను. ఒక్కోసారి కుట్టేటప్పుడు ఒక ముక్క మారుతుంది, ఒక్కదాన్ని పట్టుకుని కాదనం అంది.

పుల్లకి దూది చుట్టి బుగ్గ లోపల రాస్తారు, అంతే పరీక్ష. పిచ్చిక ఆ పుల్ల ఐసుక్రీమేమో అని చప్పరించింది. కోడలు నోరు తెరిచి రాయించుకుంది. చిన్నోడు మాత్రం దూది వద్దన్నాడు. రక్తం తీసుకోండి, ఉమ్ము ఎవరిదైనా ఒకటే, రక్తం అబద్ధం ఆడదు అన్నాడు. రెండూ ఒకటేనండి అని ఆ అమ్మాయి అంటే, ఒకటే అయితే నేను చెప్పింది తీసుకోడానికి మీకేం నొప్పి అన్నాడు. తీసుకుంది. ఈ మధ్య ఎవరి రక్తమైనా ఎక్కించారా, ఎప్పుడైనా పెద్ద జబ్బులు, పెద్ద వైద్యాలు జరిగాయా అని కూడా అడిగింది. లేవన్నాడు.

జవాబు పోయిన వారం వచ్చింది.

చిన్నోడు తండ్రి కాదట.

అంతటితో ఆగితే ఒక ఏడుపు. కింద ఇంకో మాట ఉంది. రక్తం ఇచ్చిన మనిషి ముక్కలు బిడ్డతో కొన్నిచోట్ల కలవలేదు, కొన్నిచోట్ల కలిశాయి, పరాయి మనిషివైతే ఇన్ని కలవవు, కాబట్టి ఇతని దగ్గరి బంధువు, అంటే ఇతని అన్నో తమ్ముడో తండ్రై ఉండవచ్చు అని. చిన్నోడు ఆ మాట పైకి చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ మెల్లగా చదివాడు, చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టు.

వాడికి తమ్ముడు లేడు కదరా.

కోడలు కూలబడిపోయింది. అబద్ధం, అది అబద్ధం, మిషను తప్పు అంటూనే ఉంది. వాడు అరవలేదు పెద్దోడా. అరిస్తే బాగుండేది. నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తాగు, చాలాసేపు మాట్లాడాల్సి ఉంటుంది అన్నాడు. ఆ తర్వాత ఇంతవరకూ ఆమెతో ఏమీ మాట్లాడలేదు.

ఇల్లు ఎలా ఉందో చెబుతాను. నాతో మాత్రం మాట్లాడుతున్నాడు, అదీ ప్రశ్నలే. అన్న ఉన్నప్పుడు ఏ గదిలో పడుకునేవాడు అంటాడు. నేను ఆ పెద్ద భవనానికి అద్దాలు బిగించే పనికి వెళ్ళి నెలల తరబడి రానప్పుడు ఇంట్లో వంట ఎవరు చేసేవారు, ఎవరికి వడ్డించేవారు. కడుపుతో ఉన్నదాన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళేవారు. నేను నిజమే చెప్పాను. నిజం చెబుతుంటే ఒక్కో మాటా మేకులాగా దిగుతోంది. అన్నే తీసుకెళ్ళేవాడురా, నాకు మోకాళ్ళ నొప్పులు కదా అన్నాను. అవును, నీకు మోకాళ్ళ నొప్పులు అన్నాడు. 

పిచ్చికని పేరు పెట్టి పిలవడం మానేశాడు. ఆ పిల్ల అన్నం తిందా అంటాడు. నిన్న పొద్దున దాన్ని పిలిచి షాపు నుంచి తెచ్చిన నిలువుటద్దం ముందు నిలబెట్టాడు. నీ ఫోటో దాని చెవి పక్కన పెట్టి చూశాడు. చెవి, ముక్కు, మళ్ళీ చెవి. అది ఆటేమో అనుకుని కిలకిలా నవ్వుతోంది. నాన్నా, ఇప్పుడు నీ చెవి చూద్దాం అంది. వాడు ఫోటో జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెరట్లో కూర్చుని అద్దాలు కోస్తున్నాడు. ఎవరూ అడగని అద్దాలు. గీత గీసి, బల్ల అంచుకి పెట్టి, ఠప్పున విరుస్తాడు. ముక్కలన్నీ గోడ వారగా పేర్చాడు. కుట్టుమిషనావిడ నిన్న గోడ మీంచి చూసి, ఏం పిన్నిగారూ, మీ ఇంట్లో ఇంత నిశ్శబ్దం, ఎవరైనా పరీక్షకి చదువుతున్నారా అంది. నవ్వాను. నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలీదు.

కోడలు నా గదిలోనే పడుకుంటోంది. గడియ వెయ్యనా అత్తయ్యా అని నిన్న అడిగింది. ఆ మాట వినడానికా నేను ఇన్నాళ్ళు బతికింది అనిపించింది. గడియ వేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాడు. అన్నతో మాట్లాడి వస్తాను, అంతే అన్నాడు. తను తిరిగొచ్చేసరికి తల్లీ పిల్లా బట్టలు సర్దుకుని ఉండాలని, ఈ ఇంట్లో ఉండాలో పోవాలో అప్పుడు చెబుతానని అన్నాడు. ఆ పిల్లకి ఎవరున్నారురా, పుట్టింట్లో పలకరించే మనిషి కూడా మిగల్లేదు. పిచ్చికని తీసుకుని ఏ గుమ్మం ఎక్కుతుంది. వాడు సర్దుకున్న సంచి చూశాను. ఒక జత బట్టలు, ఆ రిపోర్టు, అద్దాలు మోసేటప్పుడు వేసుకునే తోలు చేతొడుగులు. మాట్లాడడానికి చేతొడుగులు దేనికిరా అని అడగబోయాను. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయమేసి అడగలేదు.

పెద్దోడా, నేను అమ్మని. నాకు ఇద్దరూ ఒకటే. నిన్ను ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అది నిజమా. పిచ్చిక పుట్టిన కొద్ది రోజులకే నువ్వు రేవులో పని దొరికిందని వెళ్ళిపోయావు. అంత ఎత్తు క్రేను మీద కూర్చోవలసిన అవసరం నీకేమొచ్చింది, ఇక్కడ పని లేకనా. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోతావు. పిల్లకి బొమ్మలు పంపిస్తావు, నువ్వు మాత్రం రావు. ఇవన్నీ ఇదివరకు నాకు మామూలుగా ఉండేవి. ఆ కాగితం వచ్చాక ఒక్కొక్కటీ లేచి నిలబడి నన్ను చూస్తున్నాయి. కోడలి మొహం చూస్తే ఆమె మాట నిజమనిపిస్తుంది. కాగితం చూస్తే కాగితం నిజమనిపిస్తుంది. తప్పు జరిగి ఉంటే నాకు చెప్పు. నిన్ను తిట్టను. తిట్టే ఓపిక కూడా లేదు.

ఏమైనా సరే ఆదివారానికి నువ్వు ఆ క్వార్టరులో ఉండకు. ఎవరైనా స్నేహితుడి ఇంటికి వెళ్ళు. వాడి కోపం చల్లారేదాకా కనపడకు. నువ్వు తప్పు చేశావని చెప్పడం లేదు, చెయ్యలేదని కూడా చెప్పలేకపోతున్నాను. మీ ఇద్దరూ ఒకే గదిలో ఉండకూడదు, అంతే.

రేపు పొద్దున్నే ఆ ల్యాబుకి ఇంకోసారి వెళ్ళి, మిషను తప్పు చెయ్యదా అని కాళ్ళావేళ్ళా పడి అడుగుదామనుకుంటున్నాను. వచ్చాక ఇది కుట్టుమిషనావిడ మొగుడి లారీలో పంపిస్తాను. వేళకి తిను. మెట్లెక్కేటప్పుడు జాగ్రత్త.

ఇట్లు,
నీ మేలు తప్ప వేరే ఆలోచన లేని,
అమ్మ

తాజాకలం. శుక్రవారం. పైన నేను అడిగిన మాట మరిచిపో. నీ కాళ్ళు పట్టుకోవాలి నేను.

ల్యాబుకి వెళ్ళాను. ఆ అమ్మాయి, మిషను తప్పు కాదు పెద్దమ్మా, రెండుసార్లు చూశాం అంది. పిచ్చికది ఏ, తల్లిదీ వాడిదీ ఓ అని నేనంటే, మీ అబ్బాయిది పుట్టినప్పటి నుంచీ ఓ గ్రూపేనా అని అడిగింది. గ్రూపు మారుతుందా అమ్మా అన్నాను. మామూలుగా మారదు, చిన్నప్పుడు ఏదైనా పెద్ద జబ్బు చేసిందా, బాగా గుర్తు చేసుకుని చెప్పండి అంది.

చెప్పబోయాను. నాన్నకిచ్చిన మాట అడ్డొచ్చింది. నీకు తెలుసు కదా ఆ మాట. చిన్నోడికి మూడేళ్ళు, ఒంట్లో రక్తం పుట్టడం ఆగిపోయింది. నీ నడుము ఎముకలో సూది దింపి మూలుగ తీసి వాడికి ఎక్కించారు. నువ్వు పన్నెండేళ్ళవాడివి, ఏడవలేదు. నాన్న ఆసుపత్రి వరండాలో నీ చేతిలో చెయ్యి వేయించుకుని, ఇచ్చినట్టు నువ్వు మరిచిపోవాలి, తీసుకున్నట్టు వాడికి ఎప్పటికీ తెలియకూడదు, అన్నదమ్ముల మధ్య ఒకడి ప్రాణం ఒకడు మోస్తున్నట్టు ఉండకూడదు అన్నారు. చిన్నప్పుడు జ్వరం చేసిందని తప్ప వాడికేమీ తెలీదు. అందుకే ల్యాబులో లేవన్నాడు. పక్కనే ఉన్న నేనూ కిక్కురుమనలేదు.

ఇవాళ చెప్పేశాను. ఆ అమ్మాయి కలం కింద పెట్టేసింది. పెద్దమ్మా, అయితే మేము పరీక్ష చేసింది మీ చిన్నబ్బాయిని కాదు అంది.

ఆ రోజు నుంచి వాడి ఎముకల్లో రక్తం తయారు చేస్తున్నది నీ మూలుగట. వాడి చేతిలోంచి తీసిన రక్తంలో ఉన్న రాత నీది. వాడికి ముందున్న గ్రూపు పోయి నీ ఓ గ్రూపు వచ్చింది. ముందు వాడిది ఏ అయి ఉంటుంది, పిచ్చికకి అక్కడి నుంచే వచ్చి ఉంటుంది అంది. బిడ్డలు పుట్టేది రక్తం నుంచి కాదు కదా పెద్దమ్మా, అది మాత్రం మీ అబ్బాయిది ఆయనకే ఉంటుంది అని చెప్పడానికి పాపం ఆ పిల్ల సిగ్గుపడి కాగితాలు సర్దింది. దూది పుల్లతో తీసి ఉంటే ఇద్దరి రాతలు కలిసి కనపడేవట, అప్పుడే అనుమానం వచ్చేదట. వాడే కదా రక్తం తీసుకోమని పట్టుపట్టాడు.

అర్థమైందా పెద్దోడా. రిపోర్టులో తండ్రి కాదని రాసింది నిన్ను. ఇతని తోడబుట్టినవాడు తండ్రై ఉండవచ్చని రాసింది చిన్నోడి గురించి. ఆ కాగితం ముందు నుంచీ కోడలి మాటే చెబుతోంది. మేమే తలకిందులుగా చదివాం. వాడి తల వెంట్రుకలు కుదుళ్ళతో సహా తీసుకొస్తే మళ్ళీ పరీక్ష చేస్తారట. వెంట్రుకల్లో మాత్రం వాడి రాత వాడిదేనట.

ఈ మాట చెప్పడానికి నా మోకాళ్ళు కూడా మరిచిపోయి ఇంటికి పరిగెత్తాను. వాడు లేడు. ఆదివారం దాకా ఆగలేక పొద్దున బస్సుకే వెళ్ళిపోయాడట. షాపు తాళం కూడా వాడి దగ్గరే ఉంది. కుట్టుమిషనావిడ ఫోనులో వాడి నంబరుంటే చేయించాను, ఆపేసి ఉంది. ఆమె మొగుడి లారీ ఇప్పుడు రేవుకే వస్తోంది. బస్సు ఊళ్ళన్నీ తిరిగి వస్తుంది, లారీ అడ్డదారిన వస్తుంది, ముందు చేరినా చేరతాను పిన్నిగారూ అన్నాడు. చేరినా చేరతాను అన్నాడు, చేరతాను అనలేదు.

నాకిప్పుడు వాడి కోపం కంటే నీ నోరంటే భయంగా ఉంది. వాడు ఆ రిపోర్టు నీ మొహాన విసిరితే, గ్రూపుల సంగతి చెబితే, నువ్వు తెలివైనవాడివి, నీకు వెలుగుతుంది. వెలిగినా చెప్పవు. ఎన్ని దెబ్బలు పడినా చెప్పవు. నాన్న చేతిలో చెయ్యి వేసిన రోజు నుంచి నువ్వు ఆ మాట నాతో కూడా ఎత్తలేదు. చెప్పెయ్ నాయనా. నాన్న లేరు, ఆయన బదులు నేను చెబుతున్నాను, ఆ మాట ఇక నీ మీద లేదు. వాడు గడప తొక్కగానే చెప్పెయ్.

కానీ చెప్పొచ్చని నీకు తెలియాలంటే ఈ కాగితం వాడికంటే ముందు నీ చేతికి రావాలి. లారీ హారను కొడుతున్నాడు. ఇచ్చేస్తున్నాను.